తొలకరి నాము

బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పోసేటప్పుడు నాకిప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మూడో అంతస్తు వంటింట్లో నిలబడి, ఆ తెల్లటి నీళ్ళు గొట్టంలోకి గుడగుడమని దిగిపోతుంటే ఎవరి సొమ్మో పారబోస్తున్నట్టు ఉంటుంది. మొన్న మా అమ్మాయి చూసి, "ఏంటమ్మా, నీళ్ళ వంక అలా చూస్తున్నావు" అంది. కుడితి అంటే ఏమిటో దానికి చెప్పబోయాను. "ఛీ, పాచి నీళ్ళా" అని ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. దాని తప్పేం లేదు. ఒక వేసవంతా ఏడు గేదెల ప్రాణాలు ఆ పాచి నీళ్ళు నిలబెట్టాయంటే నమ్మే ఈడు కాదు, నమ్మే కాలమూ కాదు.

అప్పుడు నాకు పదేళ్ళు నిండి పదకొండు నడుస్తోంది. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. సాగర్ కాలువ నీళ్ళు మా ఊరి దాకా రావడం మానేస్తే, కాలువలో మగపిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్ళు. నల్లరేగడి నేల నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లో నా కాలు పిక్క దాకా దిగేది. పత్తి మోకాలెత్తున ఎర్రబడి ఆగిపోయింది. మిరప వేసినవాళ్ళు కొందరు వేసింది వేసినట్టే దున్నేశారు. ఊరందరి దిగులూ పంట గురించి అయితే, మా ఇంట్లో దిగులంతా గడ్డి గురించి. ఒకప్పుడు జొన్న వేసే చేలన్నీ పత్తికి తిరిగాక ఊళ్ళో చొప్ప అన్న మాటే లేకుండా పోయింది. "పత్తి కట్టె తింటదంట్రా గొడ్డు?" అని నాయనమ్మ మా నాన్నను రోజుకోసారైనా దెప్పేది.

నాయనమ్మ గురించి ముందే ఒక మాట చెప్పాలి. గొడ్ల విషయంలో మా ఊళ్ళో ఆవిడ మాటకు తిరుగులేదు. పొట్ట ఉబ్బినా, ఈనలేక కష్టపడుతున్నా, దూడ పాలు పట్టకపోయినా జనం మా వాకిట్లో ఉండేవాళ్ళు. అద్దంకి వైపు గేదెను కొనడానికి వెళ్ళే మగవాళ్ళు ముందురోజే వచ్చి, "అత్తా, నువ్వొకసారి వచ్చి చూడరాదా" అని బతిమాలేవాళ్ళు. ఆవిడ బస్సెక్కి వెళ్ళి, పొదుగు చూసి, పళ్ళు చూసి, కాసేపు దాని కళ్ళలోకి చూసి, "ఇది తన్నుద్ది, వద్దు" అనేది. మాట వినకుండా కొన్నవాడు నెల తిరక్కుండా మూతి పగిలి మా ఇంటికే కట్టు కట్టించుకోడానికి వచ్చేవాడు. ఆవిడకు చదువు రాదు, మెడలో బంగారం లేదు. ఊళ్ళో ఆవిడకున్న గొప్పంతా ఆ ఒక్క మాటే.

మాకు ఏడు గేదెలు. నొసట తెల్లమచ్చ ఉన్నది చుక్కది. కొమ్ము చెంప మీదికి తిరిగినది వంకరకొమ్ముది. ఇంకా చూలు కట్టని పడ్డ ఒకటి. మిగతా నాలుగూ వట్టిపోయాయి. చుక్కది నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే అనుకున్నాను. అది నా లంగా అంచు నోట్లో పెట్టుకుని నమిలేది, నేను తిట్టేదాన్ని, రెండు నిమిషాలకు మళ్ళీ దాని పక్కకే వెళ్ళి నిలబడేదాన్ని.

గడ్డి తక్కువైనప్పుడు కుడితితోనైనా కడుపు నింపాలని నాయనమ్మ పట్టుదల. మా ఒక్క ఇంటి కుడితి ఏ మూలకు? అందుకని మా వీధిలో గొడ్లు లేనివాళ్ళవీ, అమ్ముకున్నవాళ్ళవీ తొమ్మిది ఇళ్ళు చూసి, ఒక్కో వెనక గుమ్మం దగ్గర ఒక్కో పాత కుండ పెట్టించింది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, పులిసిన మజ్జిగ అందులో పొయ్యాలి. సబ్బునీళ్ళు, కారం పడకూడదు. పొద్దునా సాయంత్రమూ నేనూ మా పెదనాన్న కూతురు అక్కా బకెట్టు పిడిలోకి కర్ర దూర్చి, చెరో కొసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. మూత తియ్యగానే కొట్టే ఆ పులుపు వాసనకు మొదట్లో ముక్కు మూసుకునేవాళ్ళం. వారానికి అలవాటైంది. నెలకు, ఏ ఇంట్లో ఏం వండుకున్నారో చూడకుండా చెప్పేసే స్థాయికి వచ్చాం.

ఆ విద్య వల్ల ఒక కొంప కూడా అంటుకుంది. మూడో ఇంటి కుండలో గంజి ఉండేది కాదు. ఆ ఇంటి అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంటే అక్క ఊరుకోక, "మామ్మా, మీ ఇంట్లో గంజి వార్చరా" అని అడిగింది. కొత్త కోడలు వార్చే ఓపిక లేక అత్తెసరు పడేస్తోందన్న సంగతి అలా బయటపడింది. ఆ కోడలు మమ్మల్ని వేసవంతా కొరకొరా చూసింది. అయితే మర్నాటి నుంచి కుండలో గంజి మాత్రం నిండుగా ఉండేది.

చివరి ఇంట్లో ఒంటరి ముసలాయన ఉండేవాడు. గుప్పెడు బియ్యం వండుకునేవాడు కాబట్టి ఆయన కుండలో గరిటెడు నీళ్ళుండేవి. ఎండలో అంత దూరం గరిటెడు నీళ్ళకు వెళ్ళడమెందుకని ఒకరోజు మానేశాం. నాయనమ్మ కనిపెట్టేసింది.

"గరిటెడైతే ఏందే? ఆయన దాచి పెట్టాడా లేదా? మీరు పోకపోతే ఆ కుండ చూసుకుంటా కూర్చుంటాడు. పోయి తీసుకురాండి."

పోయి తీసుకొచ్చాం. ఆయన నిజంగానే గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

నాన్న వారానికోసారి చిలకలూరిపేట మిల్లుల దగ్గరికి వెళ్ళి పత్తి చెక్క బస్తాలు బస్సు మీద వేయించుకొచ్చేవాడు. ఆ చెక్క నానబెడితే వచ్చే నూనె వాసన, తవుడు వాసన, మండించిన వేపాకు పొగ, పేడ, వీటన్నిటి మధ్య నల్లబెల్లం వాసన. గొడ్ల దాణాలోకి ఆ బెల్లాన్ని అటక మీద దాచేవాళ్ళు. అక్క నన్ను భుజాల మీద ఎక్కించుకునేది, నేను గోటితో గీరి అక్కకింత, నాకింత. ఒకనాడు నాయనమ్మ చూసి, దించమని కూడా అనలేదు. "తినండి, తినండి. రేపట్నించి పాలు కూడా మీరే ఇద్దురు" అని తన పని చూసుకుంది. సిగ్గుతో రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు మామూలే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమోగానీ ఆ ఏడాది వంకరకొమ్ముదాని దూడ మధ్యాహ్నం వడగాడ్పుకు తల వాల్చేసి మళ్ళీ ఎత్తలేదు. గేదెకు చెమట పట్టదు, అది నీళ్ళలో పడుకోవాలి. కుంట ఎండి చాలాకాలమైంది. ట్యాంకరు వస్తే ఇంటికిన్ని బిందెలు. మనుషులు పోసుకుంటే గొడ్లకు లేవు, గొడ్లకు పోస్తే మనుషులకు లేవు. అప్పుడు నాయనమ్మకు ఒక ఆలోచన వచ్చింది. గేదెను పడుకోబెట్టి, మమ్మల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి స్నానం చేయించడం మొదలుపెట్టింది. ఒకే బిందె, రెండు స్నానాలు. సబ్బు నిషేధం, సున్నిపిండి మాత్రమే. వీపు మీద నుంచి నీళ్ళు జారుతుంటే చుక్కది హాయిగా కళ్ళు మూసుకునేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల సెలవుల్లో మా ఇంటికొచ్చి "నీ దగ్గర గేదె వాసనొస్తుంది" అంటే, "నా దగ్గర కాదు, గేదె దగ్గరే నా వాసనొస్తుంది" అన్నాను. ఇప్పుడు షవరు తిప్పితే కావలసినన్ని నీళ్ళు. ఆ ఒక్క బిందె నీళ్ళ చల్లదనం మాత్రం మళ్ళీ నా ఒంటికి తగల్లేదు.

గడ్డివాము అడుగంటింది. గొడ్ల పాక కప్పు మీది గడ్డిలో కింది పొర ఇంకా బాగుందని దాన్ని పీకి, దులిపి, తడిపి వేశారు. కప్పు పోయినచోట పాతచీరలు, గోనెపట్టాలు కట్టారు. వాటి మీద నీళ్ళు చిలకరించడం పిల్లల పని. సంత బేరగాడు రెండుమూడు రోజులకోసారి వచ్చి వాకిట్లో కూర్చునేవాడు. ఊళ్ళో సగం కొట్టాలు అతని చేతి మీదుగా ఖాళీ అయ్యాయి. అలా వెళ్ళినవి ఎక్కడికి వెళ్తాయో పిల్లలకు కూడా తెలుసు.

ఒకరోజు అతను వెళ్ళాక నాన్న మెల్లగా అన్నాడు. "నాలుగింటిని పంపిద్దామమ్మా. మూడైనా దక్కుతయ్యి."

"ఏ నాలుగు?" అంది నాయనమ్మ. "వేలు పెట్టి చూపించు."

నాన్న కొట్టం వైపు తిరిగాడు. ఏడూ ఆయన్నే చూస్తున్నాయి. కండువా దులుపుకుని బజారుకు వెళ్ళిపోయాడు.

మృగశిర వచ్చిన నాలుగో రోజు, మిట్టమధ్యాహ్నం, అన్నాల వేళ వాన పడింది. చినుకులు కాదు, వాన. దుమ్ము తడిసిన వాసనకు గేదెలు తలుగులు తెంపుకునేలా లాగాయి. నాయనమ్మ అన్నిటినీ విప్పి పెరట్లోకి తోలింది. బొమికలు కనబడుతున్న వీపుల మీద వాన పడుతుంటే అవి కదలకుండా నిలబడ్డాయి. మేమూ వాటి మధ్యే. "బిందెలు పెట్టండే చూరు కింద, ఎగిరింది చాలు" అని నాయనమ్మ కేకలేస్తోంది గానీ, తనూ కదల్లేదు.

మేం గెలిచామనుకున్నాం. ఏడూ బతికాయి.

వారానికి నేల పచ్చబడింది. పొలంలో మా మోటారు కొట్టం పక్కన నాన్న వేసవి మొదట్లో ఒక జల్లును నమ్ముకుని మేతకు జొన్న చల్లాడు. అది జానెడు లేచి, నీళ్ళు లేక గిడసబారి, మోళ్ళుగా మిగిలింది. ఇప్పుడు ఆ మోళ్ళకు లేత పిలకలు వచ్చాయి.

జొన్నలో నాము అనే విషం ఉంటుంది. నీళ్ళకు మాడిన జొన్నలో అది చేరుతుంది. తిన్న గొడ్డు గంటలో పడిపోతుంది. మా వైపు ఇది తెలియని మనిషి ఉండడు. నాకూ తెలుసు, సగం. "వాన పడితే నాము పోద్ది" అని నాయనమ్మే అనగా ఎన్నోసార్లు విన్నాను. ఒక్క వాన కాదనీ, చేను తేరుకుని, ఎదిగి, కంకి తొడిగేదాకా ఆగాలనీ, మోడుకు పుట్టే తొలి పిలకల్లోనే ఆ విషం మరీ ఎక్కువనీ మిగతా సగం కూడా ఆవిడ చెప్పే ఉంటుంది. అప్పుడు నేను అటక మీద బెల్లం గీరుతూ ఉండి ఉంటాను.

ఆ పొద్దున పొలంలో నాన్నకు క్యారియరు ఇచ్చి వస్తూ ఆ పచ్చదనం చూశాను. మోటారు కొట్టంలో కొడవలి ఉంది. ఒళ్ళో పట్టినన్ని కోసుకుని, లంగా కుచ్చెళ్ళలో మూటగట్టి, ఇంటి దాకా పరిగెత్తాను. నాయనమ్మ పిడకలు చేయడానికి దిబ్బ దగ్గరికి వెళ్ళింది. అమ్మ వంటింట్లో ఉంది. చుక్కది నా చేతిలో పచ్చి మేత వాసన పట్టి, తల ఎత్తి, ముక్కులు పెద్దవి చేసింది. ఎన్ని నెలలైందో అది పచ్చిగడ్డి తిని. అది తింటుంటే నేను దాని మెడ కింద గోకుతూ నిలబడ్డాను. ఒక గుప్పెడు పక్కనున్న పడ్డకు వేశాను. నా జీవితంలో అంత గర్వంగా ఎప్పుడూ నిలబడలేదు.

కాసేపటికి చుక్కది మేత ఆపి, గస పెట్టడం మొదలుపెట్టింది. నోటి వెంట నురుగు. ముందుకాళ్ళు మడతబడ్డాయి. నేను అరిచానో లేదో తెలియదు, నాయనమ్మ మాత్రం చేతినిండా పేడతో పరిగెత్తుకొచ్చింది. నేల మీద నాలుగు జొన్న పిలకలు, నా లంగా మీద పసరు. ఆవిడకు చెప్పాల్సిన పని లేకపోయింది. నా మొహం వంక ఒక్కసారి చూసింది. రెండు చేతులూ పట్టుకుని కుడితి గోలెంలో ముంచి, పసరు పోయేదాకా గట్టిగా రుద్దింది. ఆ కంగారులో, ఒక్క క్షణం కూడా తీరిక లేని ఆ వేళలో, ముందు చేసిన పని అది.

"లోపలికి పోయి లంగా మార్చుకో. నోరు తెరిచావంటే చంపుతా."

తరవాత వీధి వినేలా కేక పెట్టింది. "ఎవరన్నా బెల్లం తీసుకురాండే. నాము కొట్టింది."

మా అటక మీది బెల్లం ఎప్పుడో అయిపోయింది. కుడితి కుండలు పెట్టిన తొమ్మిది ఇళ్ళ నుంచీ బెల్లం వచ్చింది. మూడో ఇంటి కోడలు కొంగులో పెద్ద గడ్డ పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. విరుగుడుగా బెల్లం నీళ్ళు వెదురు గొట్టంతో పట్టారు. పడ్డ మింగింది. చుక్కది మింగలేకపోయింది. పక్క ఊరి నుంచి పశువుల డాక్టరు గారు మోటారు సైకిలు మీద వచ్చేసరికి దాని కళ్ళు నిలబడిపోయాయి. ఆయన పడ్డకు ఇంజెక్షన్లు చేసి, నేల మీది పిలక ఒకటి తీసి చూశాడు.

"ఎవరు వేశారమ్మా దీన్ని?"

"నేనేనండి" అంది నాయనమ్మ.

"మీరా?" అన్నాడాయన. వాకిట్లో ఇరవైమంది ఉన్నారు. అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేనే. పచ్చి మేత తిని ఎన్నాళ్ళయిందో గదా అని మనసు ఆగలేదు. ముసలిదాన్నయ్యాను."

నేను కిటికీ ఊచలు పట్టుకుని వింటున్నాను. వేరే లంగా కట్టుకుని ఉన్నాను.

చుక్కదాని దూడకు రెండు నెలలు. అది రాత్రంతా అరుస్తూనే ఉంది. దూడను పోగొట్టుకున్న వంకరకొమ్ముదానికి ఇంకా నాలుగు చుక్కల పాలు వస్తుండేవి. నాయనమ్మ ఈ దూడ ఒళ్ళంతా ఉప్పూ తవుడూ కలిపి రాసి దాని ముందు నిలబెట్టింది. మొదటి రెండు రోజులూ అది కొమ్ము విసిరింది. మూడో రోజు ఉప్పు కోసం నాకింది. నాకగా నాకగా వారానికి అలవాటుపడి దానికి పాలు చేపింది. ఆ వారమంతా దూడను పట్టుకుని నిలబడింది నేనే. ఎవరూ చెప్పలేదు. వంకరకొమ్ముది కొమ్ము విసిరినప్పుడు నా మోచేతికి తగిలిన దెబ్బ తాలూకు మచ్చ ఇప్పటికీ ఉంది. అది ఉన్నందుకు నాకు సంతోషంగానే ఉంటుంది.

ఊరికి మాట్లాడుకోడానికి ఒక కథ దొరికింది. అందరికీ చెప్పే పెద్దమనిషి చేజేతులా నాము వేసిందని. ఎగతాళిగా కాదు, జాలిగానే అనుకునేవాళ్ళు. ఆ జాలే ఎక్కువ నొప్పి. ఒకనాడు సాయంత్రం ఆవుకు పొట్ట ఉబ్బిందని అవతలి వీధి నుంచి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే వచ్చిన ఆయన భార్య మా గేటు దగ్గరే ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. "ఆవిడ ఎందుకయ్యా ఇప్పుడు, పెద్దదైపోయింది గదా. డాక్టరు దగ్గరికే పోదాం పా" అంది. వెళ్ళిపోయారు. నాయనమ్మ అరుగు మీదే ఉంది. విననట్టు వత్తులు చేసుకుంటూ కూర్చుంది. సంతకు రమ్మని పిలిచేవాళ్ళు కూడా మెల్లగా తగ్గిపోయారు.

నేను ఆగలేకపోయాను. "నాన్నకు చెప్పేస్తాను నాయనమ్మా, నేనే వేశానని" అన్నాను.

వత్తి చేతిలో పెట్టుకునే నా వైపు తిరిగింది. "చెప్తే ఏమైద్ది? చుక్కది లేచి వచ్చిద్దా? నువ్వు కనబడ్డప్పుడల్లా నాము వేసిన పిల్ల అంటారు. నీకింకా ఎంతో బతుకుంది. నాదేముంది, నన్ను నాలుగేళ్ళు అనుకుని మర్చిపోతారు."

"అబద్ధం కదా?"

"సగమే. వాన పడితే నాము పోద్దని నీ చెవిన వేసింది నేనే గదే."

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి, కాలువ వచ్చింది. పాకకు కొత్త కప్పు వేశారు. పడ్డ కట్టి, ఈని, జున్నుపాలు ఇచ్చింది. తొమ్మిది ఇళ్ళకూ తొమ్మిది గిన్నెలు నేనూ అక్కా మోసుకెళ్ళాం. ముసలాయన గిన్నెలో మీగడ ఎక్కువ ఉండేలా నాయనమ్మే చూసి పోసింది. ఆ తరవాత సాయంత్రాలన్నీ ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గొడ్ల సంగతులు చెప్పింది. ఏ ఆకు ఎప్పుడు వేయాలి, ఏది వేయకూడదు, పళ్ళు చూసి వయసెలా చెప్పాలి. ప్రతిదీ రెండుసార్లు చెప్పి, మళ్ళీ నా చేత చెప్పించేది. సగం మాట నా దగ్గర వదలకూడదని పట్టు పట్టినట్టుండేది. అదంతా నాకిప్పటికీ కంఠతా వచ్చు. దాన్ని వాడడానికి ఒక్క గేదె లేదు. ఆ కొట్టం ఉన్నచోట ఇప్పుడు మా తమ్ముడి కారు ఉంటుంది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, కర్రకు బకెట్టు తగిలించుకుని ఆ తొమ్మిది గుమ్మాలూ తిరిగి రావాలని ఎంత అనిపిస్తుందో ఎవరికి చెప్పను?

నాయనమ్మ చాలా ఏళ్ళు బతికింది. ఊరు నాలుగేళ్ళలో మర్చిపోలేదు. పెద్దకర్మ నాడు భోజనాల పంక్తిలో పెద్దవాళ్ళు ఆవిడ గురించి చెప్పుకున్నారు. ఎన్ని గొడ్లను బతికించిందో, కరువులో ఏడింటిని ఎలా కాచిందో. ఒకాయన అన్నం కలుపుకుంటూ, "ఎంత తెలిసిన మనిషైనా ఒక్కసారి తప్పు చేస్తది. ఆ నాము సంగతొక్కటే లేకపోతే ఆమెకు వంక పెట్టేదేముంది" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నిజమేనని తలూపారు.

నేను పెరుగు వడ్డిస్తున్నాను. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. నన్ను ఎవరు ఏమంటే మాత్రం ఏమైపోతుంది ఇక? మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన విస్తరి ముందు గరిటె పట్టుకుని నిలబడిపోయాను. "చాలమ్మా, చాలు" అని ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నేను పక్క విస్తరికి జరిగాను.